చెప్పడం వేరు, చేయించడం వేరు

వెస్ట్ మారేడ్‌పల్లి,
సికింద్రాబాద్.

చి. అమ్మలుకి,

బీఈడీ టీచింగ్ ప్రాక్టీస్‌కు ప్రభుత్వ హైస్కూలు పడిందని, ఎనిమిదో తరగతికి లౌకికవాదం పాఠం చెప్పాలని రాశావు. "ఆషాఢంలో బళ్ళోనే బోనాలు చేస్తున్నారు, ఇక లౌకికవాదం గురించి ఏ మొహం పెట్టుకుని చెప్పను పెదనాన్నా?" అని అడిగావు. నా జవాబు ఇది. బడిలో మతాల గురించి చెప్పవచ్చు, నన్నడిగితే చెప్పి తీరాలి. పిల్లలచేత మాత్రం మతాచారం చేయించకూడదు. ఈ గీత ఎందుకు గీయాల్సి వచ్చిందో తెలిస్తే పాఠం దానంతటదే నడుస్తుంది.

గొడవ ఇవాళ్టిది కాదు. 1846లో మద్రాసు గవర్నరు మార్క్విస్ ఆఫ్ ట్వీడేల్ ప్రభుత్వ బడుల్లో బైబిలును పాఠ్యపుస్తకం చేయాలని ప్రతిపాదించాడు. ఎదురు తిరిగినవాళ్ళకు ముందు నిలబడ్డది 'క్రెసెంట్' పత్రిక నడిపిన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. అందరి పన్నులతో నడిచే బడిలో ఒక్క మతగ్రంథం పాఠం ఎలా అవుతుందన్నదే అసలు తగవు. ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు ఆ ప్రతిపాదనను ఒప్పుకోలేదు. 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ ఇంకో అడుగు వేసింది. ప్రభుత్వ బడిలో చదువు మతానికి దూరంగా ఉండాలంది. మిషన్లు పెట్టినా, మరొకరు పెట్టినా, మామూలు చదువు బాగా చెబితే గ్రాంటు ఇవ్వవచ్చంది. మన ఎయిడెడ్ బడులకు మూలం అక్కడుంది.

ఇక మన ఊరి పక్కనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1918లో మొదలైనప్పుడు అక్కడ ముస్లిం విద్యార్థులకు మతశాస్త్రం, మిగతావాళ్ళకు నీతిశాస్త్రం తప్పనిసరి. ఇరవై ఏళ్ళకు, 1938లో, హాస్టల్ ప్రార్థన గదిలో విద్యార్థులు వందేమాతరం పాడుకుంటుంటే అధికారులు కుదరదన్నారు. సమ్మె జరిగింది. ఎందరినో బయటికి పంపేశారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్ళకు చోటిచ్చింది. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు అలా నాగపూర్‌లో చదివినవారే. మద్రాసులో సర్కారు ఒక గ్రంథాన్ని నెత్తిన పెట్టబోయింది, హైదరాబాద్‌లో ఒక పాటను నోట్లోనే నొక్కేసింది. పిల్లవాడు ఏం ప్రార్థించాలో, ఏం ప్రార్థించకూడదో సర్కారు నిర్ణయించబోతే రెండుచోట్లా రచ్చే మిగిలింది.

అందుకే రాజ్యాంగం రాసినవాళ్ళు 28వ అధికరణను ఆచితూచి రాశారు. తరగతిలో దాన్ని ఊళ్ళో బడులతో ముడిపెట్టి చెప్పు, పిల్లలకు ఇట్టే పడుతుంది. నువ్వు వెళ్తున్న సర్కారు బడి పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడుస్తుంది కనుక అక్కడ మతబోధ ఉండకూడదు. దాతలు ఏదైనా ట్రస్టు పెట్టి, మతబోధ ఉండాలని షరతు రాసి ఉంటే, దాన్ని ప్రభుత్వం నడిపినా ఆ బోధ సాగవచ్చు. ఇక సెయింట్ ఆన్స్, వెస్లీ లాంటివి ప్రైవేటు యాజమాన్యాలవి. 30వ అధికరణ మైనారిటీలకు తమ బడులు తాము పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. కానీ ప్రభుత్వ గుర్తింపో, గ్రాంటో ఉన్న ఏ బడీ పిల్లవాణ్ణి మతబోధకు కూర్చోబెట్టాలన్నా, ప్రార్థనలో నిలబెట్టాలన్నా అతని సమ్మతి కావాలి. మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. చర్చి బడికీ ఇదే, మదర్సా బోర్డు బడికీ ఇదే, మఠం పెట్టిన బడికీ ఇదే. 28లోని ఈ మూడో క్లాజు సంగతి చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. నువ్వు చెప్పు.

గీత ప్రతిచోటా స్పష్టంగా ఉందనుకోకు. కేంద్రీయ విద్యాలయాలు పూర్తిగా ప్రభుత్వానివే. అక్కడి ఉదయపు ప్రార్థనలో ఉపనిషత్తు మంత్రం ఉంది. అది మతబోధేనని ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2019 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తులు విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. అంత పెద్ద కోర్టే ఆలోచించాల్సి వచ్చిన ప్రశ్న ఇది. పిల్లలు అడిగితే వాదాలు రెండూ చెప్పు. తెలియనిచోట తీర్పరి కుర్చీ ఎక్కకు.

మతం ఊసే ఎత్తకపోతే గొడవ వదులుతుందని కొందరంటారు. నేనొప్పుకోను. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ కూడా ఒప్పుకోలేదు. రోజూ మొదట కాసేపు మౌనధ్యానం, మొదటి ఏడు మతాచార్యుల జీవితాలు, రెండో ఏడు ప్రపంచ మతగ్రంథాల నుంచి ఎంపిక చేసిన భాగాలు, మూడో ఏడు మత తత్వశాస్త్రంలోని ముఖ్య సమస్యలు ఉండాలంది. ఒక మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి తెలియజెప్పడం వేరని 1964-66 నాటి కొఠారి కమిషన్ విడమరిచింది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా, మతాల గురించి చదవడానికి 28వ అధికరణ అడ్డు కాదంది. ఫ్రాన్సు వేరే దారి పట్టింది, ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలను 2004లో నిషేధించింది. ఇంగ్లండులో చట్టమే రోజూ సామూహిక ప్రార్థన పెట్టమంటుంది, తల్లిదండ్రులు వద్దంటే పిల్లల్ని తప్పిస్తుంది. మనది ఆ రెంటికీ మధ్య దారి, నడపడం కష్టమైన దారి.

నీ బోనాల సంగతికి వస్తాను. లష్కర్ బోనాలే పాఠంగా తీసుకో. 1813లో కలరా ప్రబలినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైన్యంలో పనిచేస్తున్న సురటి అప్పయ్య మొక్కుకున్నాడని, 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడని చెప్పుకుంటారు. బోర్డు మీద ఈ రెండు సంవత్సరాలూ రాసి ప్రశ్నలు వేయి. లష్కర్ అంటే సైన్యం కదా, సికింద్రాబాద్‌కు ఆ పేరెందుకొచ్చింది? ఇక్కడివాడు ఉజ్జయినిదాకా ఎందుకెళ్ళాడు? కలరా ఎలా సోకుతుంది, అప్పట్లో మందుందా? ఫాతిమా జవాబు చెప్పగలదు, మేరీ చెప్పగలదు, లక్ష్మి చెప్పగలదు. అలాగే రంజాన్ నెల ఏటా ఎందుకు ముందుకు జరుగుతుందో చంద్రమానం లెక్కతో చెప్పించు. సెయింట్ మేరీస్ చర్చి కంటోన్మెంట్ ఊళ్ళో ఎలా వెలసిందో కనుక్కురమ్మను. ఇదంతా చదువే.

అదే ఆడపిల్లలందరూ పసుపు బొట్లతో, బోనాలతో రావాలని, రాకపోతే మార్కులు తగ్గుతాయని అన్నారనుకో, గీత దాటినట్టే. అంతమాట పైకి అనకపోయినా, ఒక పిల్ల గోడవారగా ఒంటరిగా నిలబడాల్సి వచ్చినా దాటినట్టే. నువ్వు ట్రెయినీవి, హెడ్మాస్టరుగారితో తగువు పెట్టుకోకు. రానివాళ్ళకు లైబ్రరీలో మరో పని పెడదామండీ అని మర్యాదగా అడుగు.

ఒక తీర్పు మాత్రం తప్పక చదువు. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ గౌరవంగా లేచి నిలబడ్డారు, తమ మతవిశ్వాసం కొద్దీ పాడలేదు. బడి వాళ్ళను వెళ్ళగొట్టింది. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి.

రేపు టీచరువై ప్రార్థన వరసల మధ్య తిరుగుతున్నప్పుడు పెదవి కదపని పిల్ల ఒకతె కనబడుతుంది. అందరి ముందూ ఆ పిల్లను నిలదీయకు. చట్టం ఆమె పక్షాన ఉంది. నువ్వూ ఉండు.

ఇట్లు,
పెదనాన్న