ఐపీ అడ్రస్ మారిస్తే ఏం మారుతుంది?

"నీ ఐపీ అడ్రస్ దొరికింది, ఇంటికొస్తా" అని ఎవడో పెట్టిన మెసేజ్ చూసి మా జూనియర్ ఒకమ్మాయి హడలిపోయింది. "ఐపీ మార్చేస్తే చాలు కదక్కా?" అని అడిగింది. మార్చవచ్చు. కానీ ఏది మారుస్తున్నామో ముందు తెలియాలి.

ఫోన్ సెట్టింగ్స్‌లో తరచుగా 192.168తో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది. అది మన రౌటర్ ఇంటి లోపల ఇచ్చింది, బయటివాళ్లకు కనబడదు. బయటికి కనిపించేది నెట్ కంపెనీది. దాన్ని అద్దెకిచ్చినట్టు కొంత గడువుకిస్తారు. రౌటర్ స్విచ్ ఆపి, కాసేపాగి వేస్తే కొన్ని కనెక్షన్లలో కొత్తది వస్తుంది. పాతదే వస్తే రాత్రంతా ఆపి చూడాలి, లేదా కస్టమర్ కేర్‌ని అడగాలి. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకున్నవాళ్లకు ఎన్నిసార్లు ఆపినా మారదు. రౌటర్ వెనక సన్నటి రంధ్రంలో ఉండే రీసెట్ మాత్రం నొక్కకండి. సెట్టింగ్స్ అన్నీ చెరిగిపోతే లైన్‌మ్యాన్ వచ్చేదాకా నెట్ ఉండకపోవచ్చు!

ఇంకో మెలిక ఉంది. ఐపీవీ4 అనే పాత పద్ధతిలో ఉన్నవి మొత్తం సుమారు 429 కోట్ల అడ్రస్‌లే. అవి చాలక కంపెనీలు చాలా ఇళ్లను ఒకే అడ్రస్ వెనక పెడతాయి. హాస్టల్లో అందరి ఉత్తరాలూ ఒకే డోర్ నంబరుకు వచ్చినట్టన్నమాట. రౌటర్ పేజీలో బయటి ఐపీ 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీదీ దాదాపు అదే ఏర్పాటు.

అందుకే ఆ బెదిరింపులో పస తక్కువ. ఐపీతో తెలిసేది కంపెనీ పేరు, ఇంచుమించుగా ఊరు. మా హోసూరు ఇంటి ఐపీ వెతికితే చెన్నై అని చూపించింది. ఏ సమయంలో ఏ ఇంటికి ఆ అడ్రస్ ఇచ్చారన్నది కంపెనీ రికార్డులో ఉంటుంది, దాన్ని పోలీసులు చట్టప్రకారం అడిగి తీసుకుంటారు. బెదిరించినవాడిని పట్టుకునే దారుల్లో అదీ ఒకటి.

ఐపీ మార్చినా వాడు మన అకౌంట్‌కే మళ్లీ మెసేజ్ పెడతాడు. ఇల్లు చూపించేది ఐపీ కంటే గేటు ముందు దిగిన ఫోటో, పెట్టిన లొకేషన్. అవి తీసేయండి. వాడి మెసేజ్‌లు మాత్రం చెరపొద్దు. తేదీ, సమయం, ప్రొఫైల్ లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది. ఇంట్లో చెప్పడానికి భయమైతే మా దగ్గరికి రండి, కూర్చుని కలిసి నింపుదాం.