కొత్త సరుకుకు అసలు పరీక్ష: రెండవ కొనుగోలు

కొత్త సరుకులు అమ్మకంలో ఎందుకు దెబ్బతింటాయో ఒక ఉదాహరణ చూడండి. 1994లో కెలాగ్స్ కంపెనీ మన దేశంలో కార్న్‌ఫ్లేక్స్ ప్రవేశపెట్టింది. అవి చల్లని పాలలో కరకరలాడేందుకు తయారైనవి. మన ఇళ్ళలో పాలు కాచి వేడిగా వాడతారు. వేడి పాలు పోయగానే అవి మెత్తబడిపోయేవి. కొత్తదని ఒకసారి కొన్నవారిలో చాలామంది మళ్ళీ కొనలేదు. సరుకు చెడ్డది కాదు. ఇంటి అలవాటుకు కుదరలేదు.

మన సంఘం పన్నీరో, బాదం పాలో అమ్మదలిస్తే, మొదట కొద్దిగా తయారుచేసి కొన్ని ఇళ్ళకు ఇవ్వండి. ఎలా వాడారో, ఎన్నాళ్ళు నిలిచిందో అడిగి తెలుసుకోండి. రెండవసారి డబ్బిచ్చి కొంటేనే తయారీ పెంచండి. అమ్ముడుపోని సరుకు నష్టం చివరకు సభ్యుల బోనస్‌నే తగ్గిస్తుంది.