సూదిపనికి వెల కట్టేదెవరు?

లంబాడీ స్త్రీల రవికెల మీద అద్దాల కుట్టుపని మీరు చూచే ఉంటారు. గుజరాత్ రాష్ట్రం కచ్ జిల్లాలో అటువంటి పనికి పేరుపొందినవారు రబారీ స్త్రీలు. రబారీలు ఒంటెలను, గొర్రెలను, మేకలను తోలుకొని పచ్చిక ఉన్నచోటికి తరలిపోయే సంచార పశుపాలకులు. నేడు వారిలో అనేక కుటుంబాలు ఊళ్లలో స్థిరపడ్డాయి.

రబారీ పిల్ల చిన్ననాడే సూది పట్టేది. రవికెలు, లంగాలు, సంచులు, అన్నీ తన సారె కోసం తానే కుట్టుకోవాలి. అవి పూర్తయితేగాని అత్తవారింటికి పంపేవారు కాదు. పనితనం పెరిగినకొద్దీ అత్తవారి కోరికలూ పెరిగాయి. ఆడపిల్లలు ఏళ్ల తరబడి పుట్టింట్లోనే కూర్చొని కుట్టవలసివచ్చింది. చివరకు 1995లో ధేబరియా శాఖ కులపెద్దలు ఒక కట్టుబాటు చేశారు: ఆడవారు తమ కోసం చేతికుట్టు కుట్టరాదు, తొడగరాదు; మీరితే జరిమానా.

ఇది మేలా, కీడా? తొందరపడి తీర్పు చెప్పకండి. సారె భారం తగ్గిన మాట నిజం. తల్లి నుండి బిడ్డకు వచ్చిన విద్యకు ఇంట్లో చోటు లేకపోయిన మాటా నిజమే. అమ్మకానికి కుట్టే పని మాత్రం మిగిలింది. అసలు చిక్కు అక్కడే ఉంది.

దళారి గుడ్డ, దారం ఇచ్చి ముక్కకింత అని కూలి కడతాడు. ఒంటరిగా ఇంట్లో కుట్టే స్త్రీకి పక్కింటామెకు ఎంత ముట్టిందో తెలియదు, పట్నం దుకాణంలో అది ఎంతకు పోయిందో అసలే తెలియదు. పదిమంది ఒకచోట కూర్చొని, ఒక నమూనాకు ఎన్ని గంటలు పట్టిందో లెక్కవేసుకుంటే బేరం తీరే మారిపోతుంది. భుజ్ సమీపాన సుమ్రాసర్‌లో 1993లో ఏర్పడిన కళా రక్షా సంస్థ, ధర నిర్ణయంలో పనివారికే పాలు ఇచ్చింది. 2005లో వారికోసం డిజైన్ బడి కూడా తెరిచింది. ఏడాది చదువును రెండేసి వారాల విడతలుగా పంచారు. ఇల్లూ పిల్లలూ ఉన్న స్త్రీ అంతకుమించి ఎలా రాగలదు?

కట్టుబాటు తరువాత రబారీ స్త్రీలు మిషన్ పట్టీలను, రిబ్బన్లను బట్ట మీద అతికి కుట్టే కొత్త పద్ధతి చేపట్టారు. దానిని ‘హరి జరి’ అంటారు. నాలుగో తరగతితో చదువు ఆగిన పాబీబెన్ రబారీ, భద్రోయి గ్రామంలో తోటి స్త్రీలను కూడగట్టి, ఆ పనితోనే సంచులు చేయించి తమ సొంత పేరుతో అమ్ముతున్నది.