ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో తొమ్మిదో తరగతి పాఠం



మొన్న ఎండాకాలంలో మీ ఇంట్లో పచ్చడి కోసం మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించే ఉంటారు. తెల్లారేసరికి ముక్కలు మెత్తబడి, జాడీలో నీళ్లు ఊరాయి కదా. ఆ నీళ్లు మీరు పోసినవి కావు. ముక్కల్లోని కణాల నుంచి బయటికి వచ్చినవి. భూపాలపల్లి గనిలో షిఫ్ట్ ముగించుకుని వచ్చిన నాన్న చొక్కా మీద, మహబూబాబాద్ మిర్చి చేనులో పని చేసి వచ్చిన అమ్మ రవిక మీద ఆరిన తెల్లటి ఉప్పు చారలు కూడా చూసే ఉంటారు. ఉప్పు, నీరు, కణం - ఈ మూడింటి సంబంధమే తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో ప్లాస్మా పొర గురించి చెప్పే పాఠం.

తొలకరితో పాటు పిల్లలకు విరేచనాల కాలం కూడా మొదలవుతుంది. జనగామలో ఉన్నా, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఉన్నా ఆ సమయంలో ప్రతి ఇంటికీ పనికొచ్చే పాఠం ఇది. మీ అబ్బాయి లేదా అమ్మాయి పక్కన కూర్చుని చదవండి.

కణానికి గోడ ఉంది, తలుపులూ ఉన్నాయి

మన శరీరంలో ప్రతి కణం చుట్టూ ప్లాస్మా పొర ఉంటుంది. అది అన్నిటినీ లోపలికి రానివ్వదు. ఆక్సిజన్ లాంటి చిన్న అణువులు ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు వాటంతట అవే దాటిపోతాయి. దీన్ని వ్యాపనం అంటారు. నీరు మాత్రం ఉప్పు, చక్కెర వంటివి ఎక్కువగా కరిగి ఉన్న వైపుకు వెళ్తుంది. ఇది ద్రవాభిసరణం. మామిడి ముక్కల నుంచి నీటిని లాగింది ఇదే.

ఉప్పులోని సోడియం, చక్కెరలోని గ్లూకోజ్ ఈ పొరను సొంతంగా దాటలేవు. వాటికి ప్రొటీన్లతో తయారైన ప్రత్యేక ద్వారాలు కావాలి. చిన్నపేగు కణాల మీద అలాంటి ద్వారం ఒకటి ఉంది. దాని పద్ధతి విచిత్రం. గ్లూకోజ్ ఒక్కటే వస్తే తెరుచుకోదు, సోడియం ఒక్కటే వచ్చినా తెరుచుకోదు. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు కలిసి వస్తేనే లోపలికి పంపుతుంది. అవి వెళ్లాక, వాటి వెంటే నీరు వెళ్తుంది. ఈ జంట ప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త వివరించారు.

లోపలికి వచ్చిన సోడియం అక్కడే పేరుకుపోతే ద్వారం పని ఆగిపోతుంది. అందుకే కణం వెనక వైపున ఒక పంపు నిరంతరం పనిచేస్తుంది. మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఈ పనికి శక్తి కావాలి కనుక దీన్ని సక్రియా రవాణా అంటారు. ఆ శక్తి ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. ఏటీపీని 1929లో గుర్తించిన వారిలో మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు.

తప్పుడు సందేశం వస్తే

కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒంట్లో నీరు తగ్గగానే మెదడు దగ్గరి పీయూష గ్రంథి రక్తంలోకి ఒక హార్మోన్‌ను వదులుతుంది. అది మూత్రపిండాల కణాల పొర మీద ఉన్న గ్రాహకానికి అంటుకుంటుంది. తాళంలో తాళంచెవి తిరిగినట్టే. హార్మోన్ కణం లోపలికి వెళ్లదు. లోపల సైక్లిక్ ఏఎంపీ అనే మరో దూత ఆ కబురు అందుకుంటుంది. దాంతో నీటి ద్వారాలు పొర మీదకు వచ్చి, నీటిని మళ్లీ ఒంట్లోకి తీసుకుంటాయి. నీళ్లు తక్కువ తాగిన రోజు మూత్రం చిక్కటి పసుపు రంగులో రావడానికి కారణం ఇదే.

కలరా క్రిమి ఇదే దూతను మోసానికి వాడుకుంటుంది. దాని విషం వల్ల పేగు కణాల్లో సైక్లిక్ ఏఎంపీ విపరీతంగా పెరుగుతుంది. ఎవరూ పంపని కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. కణాలు క్లోరైడ్‌ను పేగులోకి వదులుతాయి. దాని వెంట సోడియం, నీరు పోతాయి. అలా గంటల్లోనే ఒంట్లో నీరు ఖాళీ అవుతుంది. ఈ విషాన్ని 1959లో కోల్‌కతాలో నిరూపించింది మన దేశ శాస్త్రవేత్త శంభునాథ్ దే.

ఇక్కడే మనకు మేలు చేసే విషయం ఒకటుంది. నీరు బయటికి పోతున్నా సోడియం-గ్లూకోజ్ జంట ద్వారం మాత్రం చెడిపోదు. ఆ దారిలో నీటిని తిరిగి లోపలికి పంపడమే ఓఆర్‌ఎస్ చేసే పని.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్గావ్ శరణార్థి శిబిరాల్లో కలరా వ్యాపించింది. సెలైన్ సరిపోలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కొలత ప్రకారం కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 3.6 శాతానికి తగ్గాయి. ఆ పని చేసింది ఎక్కువగా అమ్మలు, అక్కలు, చెల్లెళ్లు. 2023లో, ఆయన మరణానంతరం, ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

కొలత ఎందుకు ముఖ్యం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న కొలతలో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఈ లెక్కలో సోడియం, గ్లూకోజ్ అణువుల సంఖ్య సమానంగా ఉంటుంది.

చక్కెర మరీ ఎక్కువైతే ఏమవుతుందో మామిడి జాడీ చెప్పింది. పేగులోని ద్రవం చిక్కబడి, ఒంట్లోని నీటినే తన వైపు లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మామూలు కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ 1.35 గ్రాములే. అందుకే తీపి పానీయం ఓఆర్‌ఎస్‌కు బదులు కాదు.

హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చెప్పింది ఇదే. ఓఆర్‌ఎస్ అనే పేరు పెట్టుకుని అమ్ముడవుతున్న తీపి పానీయాల మీద ఆమె పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేముందు ప్యాకెట్ వెనక ఉన్న కొలతలు చదవండి. మందుల షాపులో అడిగేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ఓఆర్‌ఎస్ అని చెప్పి అడగండి. ఆశా కార్యకర్తల దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ అడగవచ్చు.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి

- ప్యాకెట్ మీద రాసినంత నీరే పోయండి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కొంచెం కొంచెం కలపడం వద్దు.
- మరిగించి చల్లార్చిన నీరు వాడండి. అదనంగా చక్కెర, పాలు, జ్యూస్ కలపవద్దు. 24 గంటలు దాటితే పారబోయండి.
- విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసు వారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఇవ్వండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి.
- తల్లిపాలు, అన్నం ఆపవద్దు. జింక్ మాత్రల గురించి డాక్టర్‌ను అడగండి.
- ప్యాకెట్ దొరకని వేళ లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలపండి. స్పూన్లు తలగొట్టి కొలవాలి. ఆ చక్కెర పేగులో విడిపోయి సగం గ్లూకోజ్ అవుతుంది.
- బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా, ఏదీ తాగలేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి.

పిల్లలతో కలిసి చేయండి

ఒక ఆలుగడ్డను ఒకే మందంలో నాలుగు ముక్కలుగా కోయండి. రెండింటిని మంచినీళ్లలో, రెండింటిని రెండు చెంచాల ఉప్పు కలిపిన గ్లాసు నీళ్లలో వేయండి. రెండు గంటల తర్వాత వేళ్లతో వంచి చూడమనండి. ఒకటి గట్టిగా, ఇంకొకటి మెత్తగా ఎందుకుందో జవాబు మీరు చెప్పకండి, వాళ్లనే చెప్పనివ్వండి.

తర్వాత ఈ మూడు ప్రశ్నలు అడగండి. ఉత్త గ్లూకోజ్ నీళ్లు ఓఆర్‌ఎస్ అంత బాగా ఎందుకు పనిచేయవు? సోడియం పంపుకు శక్తి ఎందుకు కావాలి? హార్మోన్ కణంలోకి వెళ్లకుండానే కబురు ఎలా అందుతుంది?

మార్కుల కోసం చదివిన నిర్వచనం పరీక్ష అయ్యాక మరచిపోవచ్చు. రేపు తమ్ముడికో చెల్లికో విరేచనాలైతే, లీటరు నీటిని కొలిచి ప్యాకెట్ కలిపే బిడ్డకు మాత్రం ఆ పాఠం జీవితాంతం గుర్తుంటుంది. ఈ ఆదివారం వంటింట్లో ఒక లీటరు గిన్నెను కొలిచి, గుర్తు పెట్టి ఉంచండి. పక్కనే రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టండి.