గాయక బృందానికి స్నేర్ డ్రమ్ ఎంపిక



మీ విచారణ యువజనులు గాయక బృందం కోసం డ్రమ్ సెట్ కొనాలని చందాలు పోగుచేస్తున్నారనుకోండి. సాధారణంగా అందరి చూపూ పెద్ద డ్రమ్ము మీద, మెరిసే సింబల్స్ మీద పడుతుంది. కాని పాట మొదలైన తరువాత రెండవ దెబ్బకూ నాలుగవ దెబ్బకూ ఠపీమని పలికేది వాయించేవాని మోకాళ్ల మధ్య ఉండే చిన్న డ్రమ్ము. అదే స్నేర్ డ్రమ్. మిగతావి ఓ మాదిరివైనా నెట్టుకురావచ్చు, ఇది బాగులేకపోతే పాటంతా చెడుతుంది.

దీని ప్రత్యేకత అడుగున ఉంది. కింది పొరకు ఆనించి మెలికలు తిరిగిన సన్నని ఉక్కు తీగలు, మామూలుగా 20, బిగించి ఉంటాయి. పైన కొట్టగానే లోపలి గాలి కింది పొరను కదిలిస్తుంది, తీగలు దానికి తగిలి చర్రుమంటాయి. మధ్యయుగపు ఐరోపాలో టేబర్ అనే డోలుకు నరపు తంతి కట్టేవారు. అదే సైన్యపు కవాతు డోళ్ల మీదుగా ఈ రూపానికి వచ్చింది. తోలుకు బదులు ప్లాస్టిక్ పొరలు 1950ల చివరలో వాడుకలోకి వచ్చాయి. మన డప్పును మంట దగ్గర కాచి బిగువు తెప్పించడం మీరు చూసే ఉంటారు. ప్లాస్టిక్ పొరకు ఆ అవసరం లేదు.

ఇక ఎంపిక. అరిస్టాటిల్ ప్రతి వస్తువుకూ నాలుగు కారణాలు చెప్పాడు: ద్రవ్యం, రూపం, కర్త, ప్రయోజనం. దుకాణదారుడు ద్రవ్యంతో మొదలుపెడతాడు: "ఇది స్టీలు, ఇది ఇత్తడి" అని. మనం ప్రయోజనంతో మొదలుపెట్టాలి. ఎక్కడ, ఎవరి కోసం మోగాలి?

మన గుడులు చాలావరకు సిమెంటు గోడలు, స్లాబు, నున్నని గచ్చు. ఇలాంటి చోట ప్రతి శబ్దమూ గోడకు కొట్టుకొని తిరిగివస్తుంది. స్టీలు డ్రమ్ము ఖంగుమని ఎక్కువసేపు మోగుతుంది, మైదానంలో సభకు అది మంచిదే. గుడిలో మాత్రం ముందు వరుసలో పాడే అవ్వ గొంతును మింగేస్తుంది. కొయ్యది కాస్త మెత్తగా పలికి త్వరగా అణుగుతుంది. మేపుల్ కొయ్య నిండుగాను, బిర్చ్ కొంచెం పదునుగాను పలుకుతాయి. అడ్డుకొలత 14 అంగుళాలు, లోతు 5 లేక 5.5 అంగుళాలు ఉన్నది అన్ని పాటలకూ సరిపోతుంది. లోతు పెరిగితే నాదం బరువెక్కుతుంది, తగ్గితే పదునెక్కుతుంది.

చెవుల సంగతి కూడా ఆలోచించండి. గట్టిగా కొట్టిన దెబ్బ వాయించే కుర్రవాని చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటుతుంది. 85 దాటిన శబ్దం గంటల తరబడి వింటే వినికిడి దెబ్బతింటుంది. సన్నని పుల్లల కట్టలూ, బ్రష్‌లూ దొరుకుతాయి, వాటితో శబ్దం బాగా తగ్గుతుంది. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఇచ్చిన ఆరాధన రాజ్యాంగం, పవిత్ర వినియోగానికి తగినవి, లేదా తగినట్లు మలచుకోగలిగినవి అయిన ఇతర వాద్యాలను అధికారుల సమ్మతితో అనుమతించింది. ఆ మలచుకోవడం మన చేతిలోని పని.

కొట్టుకు వెళ్లినప్పుడు గట్టిగా వాయించి చూసి మురిసిపోకండి. అందరూ చేసేది అదే! వేలికొనతో మెల్లగా తట్టండి, ఆ పాటి దెబ్బకూ తీగలు పలకాలి. పక్కనున్న మీటను పదిసార్లు తిప్పి చూడండి. తీగలను కింది పొర నుండి విడిపించేది అదే. అది వదులైతే ప్రసంగ సమయంలో బేస్ గిటారు తీగ కదిలినా, స్పీకరు మోగినా డ్రమ్ము జుయ్యిమంటూనే ఉంటుంది. పాత సరుకైతే పొర విప్పించి, దిమ్మను గాజుపలక మీద బోర్లించండి. అంచు కింద సందు కనబడితే అది ఎంత బిగించినా శ్రుతి నిలవదు. బోల్టులన్నీ చేతితో సాఫీగా తిరగాలి.

చేతిలోని డబ్బంతా డ్రమ్ముకే పెట్టకండి. పైపొర ఒకటి, తీగల జత ఒకటి, బిగించే తాళంచెవి రెండు అదనంగా కొనండి. తాళంచెవి ఎప్పుడూ పండుగ ముందురోజే పోతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తీగలు త్వరగా తుప్పు పడతాయి కనుక, వాయించిన తరువాత పొడిగుడ్డతో తుడిచి, మీట వదులుచేసి, సంచిలో పెట్టే బాధ్యత ఒక్కరికే అప్పగించండి.