లాంచీ మీద పాపికొండలకు

మండపేట దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక పొదుపు సంఘం ఉంది. సంఘంలో 11 మంది ఆడవాళ్లు. అందరిలోకీ పెద్దావిడని ఊరంతా పెద్దత్త అని పిలుస్తారు. అరవై దాటాక పెద్దత్త రాత్రి బడికి వెళ్లింది. ఇప్పుడు కూడబలుక్కుని పేపరు చదువుతుంది. దారిలో బోర్డు కనబడితే చాలు, ఆగిపోతుంది. చదవందే కదలదు.

"అత్తా, బస్సు వెళ్లిపోతోంది" అని కోడళ్లు చెయ్యి పట్టుకుని లాగాలి.

ఆ సంఘం వాళ్లకి ఎప్పటినుంచో ఒక కోరిక. గోదావరి మీద లాంచీలో వెళ్లి పాపికొండలు చూడాలని. వాళ్లు తాగేది గోదారి నీళ్లే. వాళ్ల చేలకి పారేదీ గోదారి నీళ్లే. కానీ గోదారి మీద ప్రయాణం చేసిన వాళ్లు ఒక్కరూ లేరు. అందుకని నెలకి వంద రూపాయలు విడిగా దాచుకున్నారు. ఏడాది దాటేసరికి కావలసిన డబ్బు పోగైంది.

శ్రావణ మాసంలో వెళ్దామని ఒక ఏజెంటుకి అడ్వాన్సు ఇచ్చారు. ఆయన ఫోనులో గట్టిగా చెప్పాడు. "ఇప్పుడైతే ఏరు నిండుగా ఉంటుందండి. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు."

రెండు రోజుల ముందు పెద్దత్త పేపరు తీసింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటిందని అందులో ఉంది. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని ఉంది.

"మనం వెళ్లొద్దు" అంది పెద్దత్త.

"ఏం అత్తా? మన ఊరికి వరద రాలేదు కదా?"

"మన ఊరికి రాలేదు. మనం వెళ్లే చోటికి వచ్చింది."

ఈ అడుగుల లెక్క ఏమిటో తెలుసుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో కొలుస్తారు. 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక. 13.75 అయితే రెండోది. 17.75 అయితే మూడోది. పైన భద్రాచలం దగ్గర ఈ లెక్క వేరు. అక్కడ 43, 48, 53 అడుగులు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. 1986లో అయితే 75 అడుగులు కూడా దాటింది. పేపర్లో, టీవీలో ఈ అంకెలే చెబుతారు. అంకె తెలిస్తే ఏరు ఎలా ఉందో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు.

ఇంకో మాట కూడా పేపర్లో వస్తుంది. క్యూసెక్కు. ఒక సెకనులో ఒక ఘనపుటడుగు నీరు పారితే అది ఒక క్యూసెక్కు. అంటే సుమారు 28 లీటర్లు. మన మంచినీళ్ల బిందెలు రెండు అనుకోండి. రెప్ప వాల్చి తెరిచేలోగా రెండు బిందెలు. అదే లక్ష క్యూసెక్కులైతే? సెకనుకి రెండు లక్షల బిందెలు. అంత నీటి మీద లాంచీ నడపడం చెరువులో తెడ్డు వెయ్యడం లాంటిది కాదు.

అడ్వాన్సు దగ్గర చిన్న గొడవ అయింది. ముందు ఏజెంటు కుదరదన్నాడు. పెద్దత్త రసీదు తీసి వెనకవైపు చదివింది. వరదల వల్ల బోట్లు ఆగితే తేదీ మార్చుకోవచ్చని చిన్న అక్షరాల్లో ఉంది. ఆ రోజు నిజంగానే బోట్లు ఆపేశారు. ఏజెంటు ఇంకేం మాట్లాడలేదు. కోతలు అయ్యాక డిసెంబరులో వస్తామని చెప్పి, రసీదు మీద కొత్త తేదీ వేయించుకున్నారు.

డిసెంబరు వచ్చింది. బయలుదేరింది 10 మంది, ఇద్దరు పిల్లలు. ఒకావిడ రానంది. ఆవిడని అందరూ చిన్నొదిన అంటారు. "కచ్చులూరు సంగతి మర్చిపోయారా?" అని ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

ఇదివరకు రాజమండ్రి రేవులో లాంచీ ఎక్కితే భద్రాచలం దాకా వెళ్లేవారు. 1973లో వచ్చిన అందాల రాముడు సినిమా అంతా ఆ పడవ ప్రయాణమే. ఇప్పుడు అలా కుదరదు. పోలవరం దగ్గర ప్రాజెక్టు కడుతున్నారు. నదికి అడ్డంగా కట్ట లేచింది. అందుకని కట్టకి ఎగువన గండి పోచమ్మ గుడి దాకా బస్సులో వెళ్లాలి. అక్కడ లాంచీ ఎక్కాలి.

తెల్లవారి మంచులో బస్సు దిగారు. పోచమ్మ తల్లికి దండం పెట్టుకున్నారు. వరద వచ్చినప్పుడు ఈ గుడి కూడా నీళ్లలో మునుగుతుంది. నీరు తీశాక బురద కడిగి మళ్లీ దీపం పెడతారు.

రేవులో ఒకాయన అందరి పేర్లూ, ఆధార్ నంబర్లూ, ఫోను నంబర్లూ రాసుకున్నాడు. ఒక కోడలు విసుక్కుంది. "చూడ్డానికి వచ్చిన వాళ్లకి ఇవన్నీ ఎందుకు?" ఎందుకంటే లాంచీలో ఎంతమంది ఎక్కారో, ఎవరెవరు ఎక్కారో ఒడ్డున రాసి ఉండాలి. ఏదైనా జరిగితే ఎవరి కోసం వెతకాలో తెలియాలి. కాబట్టి పేరు సరిగ్గా రాశారో లేదో చూసుకోవాలి. పెద్దత్త చూసింది. పిల్లలిద్దరి పేర్లూ రాయలేదు. "ఒళ్లో పిల్లలే కదండీ" అన్నాడాయన. "ఒళ్లో ఉన్నా మనుషులే బాబూ" అని రాయించింది.

లాంచీ పక్కన బోర్డు ఉంది. 'ప్రయాణికులు 75' అని రాసి ఉంది. పెద్దత్త ఎక్కిన వాళ్లని లెక్కపెట్టింది. 68 మంది. సరే అనుకుని కూర్చుంది.

లోపల ఒక కుర్రాడు నారింజ రంగు లైఫ్ జాకెట్లు పంచాడు. నిమ్మళంగా ఒక మాట కూడా అన్నాడు. "ఇక్కడ ఫొటో తీస్తారండి. రేవు దాటాక విప్పేసుకోవచ్చు. అప్పుడు ఎవరూ చూడరు."

"ఎవరూ చూడకపోతే గోదారి చూడదా నాయనా?" అంది పెద్దత్త.

కుర్రాడు నవ్వేసి వెళ్లిపోయాడు. పెద్దత్త మాత్రం ఒక్కో జాకెట్టూ పట్టి చూసింది. ఒకదానికి బెల్టు తెగి ఉంది. మార్పించింది. నాలుగేళ్ల పిల్లకి పెద్దవాళ్ల జాకెట్టు ఇచ్చారు. అది తలమీంచి జారిపోతోంది. నీళ్లలో పడితే జాకెట్టు పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. చిన్న సైజు అడిగి తీసుకున్నారు.

జాకెట్టు లోపల గాలి నిండిన తేలికైన స్పాంజి లాంటిది ఉంటుంది. అది నీళ్లలో మునగదు. మనిషి తలని నీటిపైన ఉంచుతుంది. కానీ భుజాన వేసుకుంటే చాలదు. ముందువైపు క్లిప్పులన్నీ టక్కుమని పడాలి. బెల్టు లాగి బిగించాలి. ఈత వచ్చిన వాళ్లకీ అది కావాలి. ముఖ్యంగా చీర కట్టుకున్న వాళ్లకి. తడిసిన చీర కాళ్లకి చుట్టుకుంటుంది. అందుకే లాంచీలో కుచ్చిళ్లు కాస్త ఎగదోపి, కొంగు నడుముకి చుట్టి కూర్చోవడం మంచిది. నాట్లప్పుడు చేలోకి దిగుతూ రోజూ చేసే పనే అది.

లాంచీ కదిలింది. టిఫిను పెట్టారు. ఉప్మా చల్లారిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్లూ ఏటి మీదే ఉన్నాయి.

చలికాలపు గోదారి ఆకుపచ్చగా ఉంది. అల లేదు. దూరంగా కొండలు నీలంగా కనబడ్డాయి. ఈ నీళ్లు ఎక్కడివో అని ఒకావిడ అడిగింది. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్రయంబకం కొండల్లో పుట్టి, 1465 కిలోమీటర్లు నడిచి గోదారి సముద్రంలో కలుస్తుంది. పైన కూనవరం దగ్గర శబరి వచ్చి చేరుతుంది. ఇంత నీరూ ఈ కొండల సందులోంచే రావాలి.

ఒడ్డున కొన్నిచోట్ల గోడలు కనబడ్డాయి. కప్పులు లేవు. తలుపులు లేవు. ఒకచోట నీళ్లలోంచి కరెంటు స్తంభం ఒక్కటే పైకి లేచి ఉంది. ఇవి ముంపు ఊళ్లు. ప్రాజెక్టు కోసం దేవీపట్నం చుట్టుపక్కల జనాన్ని వేరే కాలనీలకి పంపారు. లాంచీలో అప్పటిదాకా పాటలు మోగుతున్నాయి. ఒక కోడలు లేచి, "కాసేపు ఆపండన్నా" అని అడిగింది. ఆపారు.

కొంతసేపటికి ఏరు వంపు తిరిగింది. "ఇదేనమ్మా కచ్చులూరు" అన్నాడు సరంగు.

2019 సెప్టెంబరు 15. ఆదివారం. ఆ రోజు గోదారిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల నీరు పారుతోంది. సెకనుకి 10 లక్షల బిందెలు. అంత వరదలో ఒక లాంచీ పాపికొండలకు బయలుదేరింది. అందులో 77 మంది ఉన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళ ఈ వంపులోనే మునిగిపోయింది. దగ్గర ఊళ్ల గిరిజనులు నాటు పడవలు వేసుకుని ఉరికారు. దొరికిన వాళ్లని దొరికినట్టు పైకి లాగారు. 26 మంది బతికారు. 51 మంది పోయారు. మునిగిన లాంచీని పైకి తీసేసరికి అక్టోబరు 22 అయింది. ఆ తరవాత బోట్లు చాలాకాలం ఆగిపోయాయి. రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది.

ఇక్కడే ఎందుకు మునగాలి? నిండు ఏరు వేగంగా వచ్చి కొండకి కొట్టుకుంటుంది. కొట్టుకున్న నీరు వెనక్కి తిరుగుతుంది. ముందుకు వచ్చే నీరూ, వెనక్కి తిరిగే నీరూ కలిసిన చోట సుడి లేస్తుంది. డిసెంబరులో చూస్తే ఆ చోటు అద్దంలా ఉంది. పెద్దత్త పర్సులోంచి పసుపూ కుంకుమా తీసి నీళ్లలో వదిలింది. మిగతా వాళ్లు చేతులు జోడించారు.

అప్పుడే భోజనాలు వడ్డించారు. ఎండ ఎక్కింది. లాంచీలో చాలామంది జాకెట్లు విప్పి కుర్చీల మీద వేశారు. ఒక కోడలి చెయ్యి కూడా క్లిప్పు మీదికి వెళ్లింది. కిటికీలోంచి ఆ వంపు ఇంకా కనబడుతూనే ఉంది. చెయ్యి తీసేసింది. సంఘం వాళ్లు జాకెట్లతోనే అన్నం తిన్నారు. కాస్త ఉక్కపోసింది, అంతే.

"పాపికొండలు! పాపికొండలు!" అని ఎవరో అరిచారు. అందరూ ఒక్కసారిగా కుడివైపుకి పరిగెత్తారు. ఫోన్లు పైకి లేచాయి. లాంచీ అటు వొరిగింది. సరంగు మైకులో కేకేశాడు. "ఎవరి సీట్లో వాళ్లు కూర్చోండి! రెండువైపులా కొండలే! అందరికీ కనబడతాయి!"

కావడిలో ఒకవైపే బరువు వేస్తే ఏమవుతుంది? లాంచీకీ అదే అవుతుంది. పైఅంతస్తులో ఎక్కువమంది చేరినా అంతే. చంకలో బిందె ఉంటే గబగబా నడవొచ్చు. తలమీద రెండు బిందెలు పెడితే కొంచెం తూలినా పడిపోతాయి. బరువు పైకి పోయేకొద్దీ తూలడం ఎక్కువ.

నిజంగానే రెండువైపులా కొండలు. మధ్యలో సన్నగా ఏరు. ఆడవాళ్లు తల దువ్వుకుని తీసిన పాపిడిలా ఉంటుంది. అందుకే పాపిడికొండలు అన్నారనీ, అదే పాపికొండలు అయిందనీ పెద్దలు చెబుతారు. ఒక మలుపు తిరిగితే ఇక దారి లేదనిపిస్తుంది. ఇంకొంచెం వెళ్తే కొండ పక్కకి జరుగుతుంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పిల్లలు కూడా.

పేరంటపల్లిలో లాంచీ ఆగింది. మెట్లెక్కితే చెట్ల మధ్య శివాలయం, మునివాటం ఉన్నాయి. కొండమీంచి చల్లటి వాగు దిగుతుంది. రేవులో కొండరెడ్ల ఆడవాళ్లు వెదురు బుట్టలు, పూలసజ్జెలు అమ్ముతున్నారు. ఒక కోడలు సగం ధరకి బేరమాడింది. అమ్మే ఆమె కోప్పడలేదు. వెదురు ఎక్కడ కొట్టాలో, ఎంత సన్నగా చీల్చాలో, బుట్ట అల్లడానికి ఎంతసేపు పడుతుందో చెప్పింది. తన అక్కవాళ్ల ఊరు ఖాళీ అయిందనీ, కాలనీలో వాళ్లకి ఇల్లు ఇచ్చారు గానీ దగ్గర్లో వెదురు లేదనీ చెప్పింది. కోడలు అడిగినంతా ఇచ్చి రెండు బుట్టలు తీసుకుంది. బేరాల మనిషి కాబట్టి బస్సు ఎక్కేదాకా తోటివాళ్లు ఆటపట్టించారు.

సాయంత్రం మళ్లీ గండి పోచమ్మ రేవు. దిగేటప్పుడు పెద్దత్త తలలు లెక్కపెట్టింది.

మర్నాడు సంఘం మీటింగు. పెద్దత్త రిజిస్టరులో రాసింది. 'వెళ్లింది 12. వచ్చింది 12. మిగిలిన డబ్బు రూ. 640.' మిగిలింది పొదుపులో వెయ్యాలా, పంచుకోవాలా అని కాసేపు వాదించుకున్నారు. పొదుపులోనే వేశారు.

చిన్నొదిన గోడకి ఆనుకుని వింటోంది. కచ్చులూరు గురించి అడిగింది. జాకెట్టు గురించి రెండుసార్లు అడిగింది. వెదురుబుట్ట చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒలే, మళ్లీ ఎప్పుడైనా వెళ్తారా?" అంది చివరికి. "నాలాంటి లావుపాటి మనిషికి సరిపడే జాకెట్టు ఉంటుందా వాళ్ల దగ్గర?"

"ముందే ఫోను చేసి అడుగుదాం" అని పెద్దత్త రిజిస్టరులో కొత్త పేజీ తిప్పింది.

లెక్క కట్టండి: ఒక లాంచీ బోర్డు మీద 'ప్రయాణికులు 60' అని ఉంది. ఇప్పటికే 43 మంది పెద్దవాళ్లు, 8 మంది పిల్లలు ఎక్కారు. మీ సంఘం వాళ్లు 11 మంది రేవులో ఉన్నారు. ఎంతమంది ఎక్కొచ్చు? మిగతావాళ్లని కూడా ఎక్కండి అంటే ఏం చెబుతారు?