పసిబిడ్డకు మొలకెత్తిన రాగుల జావ

బిడ్డకు ఆరు నెలలు నిండిన పిమ్మట తల్లిపాలు మాత్రమే చాలవు. మొదటి రెండేండ్లలో కుంటుపడిన పెరుగుదలను తరువాత పూరించుట కష్టము.

పలుచని గంజి కడుపు నింపునేగాని బలమీయదు. చిక్కని జావను బిడ్డ మింగలేదు. రాగులను మొలకెత్తించినచో ఈ ఇబ్బంది తీరును. మొలకలలో పుట్టు ఎంజైములు జావ కాగునప్పుడు పిండిపదార్థమును విడగొట్టి దానిని పలుచబరచును. అందుచే అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి ఇమిడి, బిడ్డకు ఎక్కువ బలము చేరును. పైగా 100 గ్రాముల రాగులలో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములుండగా, బియ్యములో 10 మాత్రమే.

చేయు విధము:

1. రాగులను రాళ్లు లేకుండ కడిగి, 12 గంటలు నానబెట్టి, తడిగుడ్డలో ఒకటి రెండు దినములు మూటగట్టవలెను.

2. మొలకెత్తిన గింజలను ఎండబెట్టి, నలిపి చెరిగి, దోరగా వేయించవలెను. మాడినచో జావను పలుచబరచు గుణము నశించును.

3. నాలుగు పాళ్ల రాగులకు ఒక పాలు వేయించిన పెసలు చేర్చి విసరవలెను. వేరుశనగపప్పు కూడ కలుపవచ్చును. కాని బూజు పట్టినవి, ముడుచుకొన్నవి ఏరి పారవేయుడు. బూజులోని అఫ్లాటాక్సిన్ అను విషము వేయించినను పూర్తిగా పోదు.

జావను బాగుగా ఉడికించి, సబ్బుతో చేతులు కడుగుకొని, 6-8 నెలల బిడ్డకు దినమునకు 2, 3 మార్లు, ఆపైన 3, 4 మార్లు పెట్టవలెను. తల్లిపాలు రెండేండ్ల వరకు మాన్పరాదు. నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూయించుడు. బరువు పెరగకున్నచో ఆలస్యము చేయక ఆరోగ్యకేంద్రములో చూపించుడు.

పంట నూర్చి అమ్మకమునకు కొలుచునాడే, బిడ్డ కొరకు ఒక కుంచెడు రాగులు వేరుగా ఉంచుడు.